నల్లగొండలో ఎగుమతుల క్లాసు: ఆరు ఆదివారాల్లో పనికొచ్చింది రెండోదే

రేటింగ్ అడిగితే 5కి 3 ఇస్తాను. ఆ మూడూ రెండో ఆదివారానివే. మిగతా ఐదు ఆదివారాలకు విడిగా మార్కులు వేయమంటే ఒకటి వేయడానికి కూడా చెయ్యి రాదు.

నేను చేరింది 2023 నవంబర్ బ్యాచ్. నల్లగొండ క్లాక్ టవర్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక బట్టల షాపు పైన రెండో అంతస్తు. సంస్థ పేరు రాయను, ఎందుకంటే కింద కొన్ని తిట్లున్నాయి, ఆ మెట్లెక్కినవాళ్లకు ఎలాగూ అర్థమవుతుంది. ఫీజు 6,500, అది కట్టాక మెటీరియల్‌ అని ఇంకో 500. ప్రకటనలో చెప్పిందేమిటంటే ఆరు ఆదివారాల్లో పూర్తి శిక్షణ, విదేశీ బయ్యర్ల లిస్టు, మొదటి షిప్‌మెంట్ ఓడెక్కేదాకా సాయం. నాది నకిరేకల్ నిమ్మ, నల్లగొండ బత్తాయి లోడ్ల పని, ఢిల్లీ దాటి ఇంతవరకు పంపింది లేదు. నాతో పాటు మా బావ వచ్చాడు, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో వాటాదారు. ఆ ఏడు జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, ఆగస్టు 25న బాయిల్డ్ రైస్ మీద 20 శాతం సుంకం వేసింది, దాంతో మిల్లుల వాళ్లకు తీరికా దొరికింది, టెన్షనూ పట్టుకుంది, క్లాసు నిండిపోయింది. పోచంపల్లి చీరల వ్యాపారులు ఇద్దరు, కొల్లాపూర్ వైపు మామిడి తోటలున్న ఒక పెద్దాయన, మిగతాదంతా డిగ్రీ అయిపోయి ఏం చేయాలో తేలని పిల్లలు.

మొదటి ఆదివారం మొత్తం ఎగుమతి, దిగుమతులు చేయడానికి కావాల్సిన ఐఈసీ కోడ్ ఎలా తీసుకోవాలో చెప్పారు. ఇది విదేశీ వ్యాపారం చూసే కేంద్ర సంస్థ డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలు కట్టి ఫోన్‌లోనే తీసుకోవచ్చు, పాన్, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉంటే చాలు. దానికి పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చోబెట్టారు. మా బావ మధ్యాహ్నం తర్వాత కునుకు తీశాడు, నేను తప్పు పట్టలేదు.

రెండో ఆదివారం అసలు సార్‌కు జ్వరమట, బదులుగా ఇంకో పెద్దాయన వచ్చారు. కస్టమ్స్‌లో చేసి రిటైరయ్యారు. షెడ్యూల్‌లో ఆ రోజు "యూరప్ మార్కెట్: అవకాశాలు" అని ఉంది. ఆయన ఆ స్లైడ్లు తెరవనే లేదు. బోర్డు తుడిచి, "మీ సరుకు మీద యూరప్‌లో సుంకం ఎంతో ఎవరు నిర్ణయిస్తరు?" అని అడిగారు. ఒకడు జర్మనీ అన్నాడు. ఒకడు కొనేటోడు అన్నాడు. వెనక బెంచీ నుంచి "మోదీ" అని కూడా వినిపించింది.

సార్ నవ్వి మా బావ వైపు తిరిగారు. "మీ మిల్లు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో బయటోళ్లతోని బేరం ఎవరు చేయాలె అని రాసుకున్నరు?"

"మేనేజింగ్ పార్ట్‌నర్ సార్. బియ్యం బేరం ఆయనదే."

"మరి తవుడు?"

బావ ఆగాడు. తవుడు, నూకలు, ఊక గురించి డీడ్‌లో రాసుకోలేదు. మిల్లు పెట్టిన రోజుల్లో తవుడుకు అంత ధర వస్తుందని ఎవరనుకున్నారు. ఇప్పుడు తవుడు ఆయిల్ కంపెనీకి ఎవరు అమ్మాలన్న దాని మీదే ఏటా లొల్లి.

ఆ ఒక్క పోలికతో సార్ మూడు గంటలు నడిపారు, ఎక్కడా తెగలేదు. 1957లో రోమ్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి డీడ్ రాసుకున్నాయి, ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు మొదలు అదే. అందులో 113వ అధికరణం ప్రకారం బయటి దేశాలతో వ్యాపారం ఉమ్మడి, ఎవరికి వారు సుంకాలు పెట్టుకోవడానికి లేదు. 1968 జూలై 1 నుంచి ఆరు దేశాల చుట్టూ ఒకే సుంకం గోడ. అదంతా బియ్యం లాంటిది, అంటే సరుకు, కంటికి కనిపించేది. తర్వాత ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వచ్చింది, అందులో బ్యాంకులు, టెలికాం, మందుల పేటెంట్లు అన్నీ కలిపారు. డీడ్‌లో లేని తవుడు అదే. సంతకం ఎవరు పెట్టాలని కొట్టుకుని లక్సెంబర్గ్‌లోని వాళ్ల ఉమ్మడి కోర్టుకు పోతే, 1994 నవంబర్‌లో కోర్టు సరుకుల వరకు ఉమ్మడి సంస్థదే, సేవల్లో చాలా భాగం, మేధో హక్కులు మాత్రం సభ్య దేశాలతో కలిపి అని తేల్చింది. అందుకే ఆ ఒప్పందంలో ఉమ్మడి సంస్థా ఉంది, సభ్య దేశాలూ విడివిడిగా ఉన్నాయి.

అక్కడి నుంచి డీడ్ తిరగరాయడమే పని. 1999లో అమలైన ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందం ఆ అధికరణం నంబరును 133 చేసింది, అందరూ ఒప్పుకుంటే సేవల్ని కలుపుకోవచ్చని ఒక సందు పెట్టింది. 2003లో అమలైన నీస్ ఒప్పందం సేవల్ని లోపలికి తెచ్చింది కానీ సినిమా, చదువు, వైద్యం లాంటివి అందరూ చెయ్యెత్తితేనే అంది. ఇక 2007 డిసెంబర్ 13న లిస్బన్‌లో కొత్త ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2008 జూన్‌లో ఐర్లాండ్ జనం ఓటేసి వద్దన్నారు, 2009 అక్టోబర్‌లో మళ్లీ ఓటు పెడితే సరేనన్నారు, ఆ ఏడు డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడా అధికరణం నంబరు 207. సరుకులు, సేవలు, మేధో హక్కుల్లో వ్యాపారానికి సంబంధించిన భాగం, బయటి దేశాల నుంచి వచ్చే ప్రత్యక్ష పెట్టుబడి, ఇవన్నీ యూనియన్ ఒక్కదాని చేతికే వచ్చాయి. పెట్టుబడి కొత్తగా చేరింది, అప్పటిదాకా ఏ దేశానికి ఆ దేశం మనలాంటి వాళ్లతో విడిగా పెట్టుబడి ఒప్పందాలు రాసుకునేది.

ఇంత సంగతి నేను ఏ యూట్యూబ్ వీడియోలోనూ ఇంత తేలిగ్గా వినలేదు. ఒక్క చోట మాత్రం సార్ తడబడ్డారు. పోచంపల్లి వాళ్లు సరుకుకు ఊరి పేరు మీద రక్షణ ఇచ్చే జీఐ ట్యాగ్ గురించి అడిగితే, "లిస్బన్‌లో అది కూడా ఉంది" అన్నారు. అక్కడ రెండు లిస్బన్లు కలిసిపోయాయి. ప్రాంతం పేరుతో అమ్ముడయ్యే సరుకుల పేర్లను కాపాడే లిస్బన్ ఒప్పందం 1958 నాటిది, దాన్ని 2015లో జెనీవాలో సవరించారు, యూనియన్ డీడ్‌తో దానికి సంబంధం లేదు. తమాషా ఏంటంటే ఆ జెనీవా సవరణలో చేరే హక్కు ఎవరిదన్న గొడవ కూడా కోర్టుకెక్కింది, ఇది వ్యాపార విధానం కిందికే వస్తుంది కాబట్టి యూనియన్‌దే అని 2017 అక్టోబర్‌లో కోర్టు చెప్పింది. అంటే ఒక లిస్బన్ ఎవరి చేతిలో ఉండాలో రెండో లిస్బన్ తేల్చింది. సార్ చెప్పింది తప్పే, కానీ తప్పు పక్కనే నిజం కూర్చుని ఉంది.

తర్వాత ఆయన పార్లమెంటు దగ్గరికి వచ్చారు. అసలు మార్పు ఇక్కడే అన్నారు, నేనూ ఒప్పుకుంటాను. లిస్బన్‌కు ముందు మామూలు వ్యాపార ఒప్పందం మీద యూరోపియన్ పార్లమెంటును అడగాల్సిన పనే లేదు. యూనియన్ పనులు నడిపే కమిషన్ బేరమాడేది, సభ్య దేశాల మంత్రుల మండలి సరే అనేది, అంతే. లిస్బన్ తర్వాత పార్లమెంటు ఒప్పుకోకపోతే ఒప్పందం లేదు, యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా తెచ్చి పోసే సరుకును అడ్డుకోవడం) లాంటి మూల నియమాలు రాసేటప్పుడు కూడా మండలితో సమానంగా కూర్చుంటుంది. ఆ అధికారం కాగితం మీదే ఉండిపోలేదు. కొరియాతో ఒప్పందానికి 2011 ఫిబ్రవరిలో సరేననే ముందు, కొరియా కార్లు ఒక్కసారిగా మీద పడితే సుంకం తిరిగి వేసుకునే నియమాన్ని గట్టిగా రాయించుకున్నారు. 2012 జూలై 4న నకిలీ సరుకులకు వ్యతిరేకంగా రాసుకున్న ఏక్టా అనే అంతర్జాతీయ ఒప్పందాన్ని ఏకంగా పడగొట్టారు. వద్దన్నవాళ్లు 478, కావాలన్నవాళ్లు 39, ఎటూ వేయనివాళ్లు 165. అప్పటికే యూనియన్‌తో పాటు 22 సభ్య దేశాలు సంతకాలు కూడా పెట్టేశాయి. మనకు ఇందులో ఏముంది అనుకోకండి. 2008 డిసెంబర్‌లో హైదరాబాద్ కంపెనీ తయారుచేసిన బీపీ మందు బ్రెజిల్ పోతూ పోతూ ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో ఆగితే, పేటెంటు పేరు చెప్పి డచ్ కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు, అది యూరప్‌లో అమ్మడానికి పోయిన సరుకే కాదు. ఏక్టా వస్తే ఇలా సరుకు పట్టుకోవడాలు మామూలైపోతాయని మన మందుల వాళ్లు అప్పట్లో భయపడ్డారు.

మా బావ అప్పటికి నిద్ర మానేసి చెయ్యెత్తాడు. "సార్, మన బియ్యం కాకినాడ నుంచి ఆఫ్రికాకు పోతయ్. ఈ యూరప్ పంచాయితీ మాకెందుకు?"

మంచి ప్రశ్న. సార్ దీనికి రెండు లెక్కలు బోర్డు మీద వేశారు. వియత్నాంతో యూనియన్ ఒప్పందం 2020 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం ఏడాదికి 80,000 టన్నుల వియత్నాం బియ్యం సుంకం లేకుండా యూరప్ పోవచ్చు. మనకు అలాంటి కోటా లేదు. ఇది ఒప్పందంలో ఉన్నవాళ్ల సుఖం. ఇంకోటి, కంబోడియా, మయన్మార్ పేద దేశాలని సుంకం లేకుండా రానిచ్చేవాళ్లు. ఇటలీ వరి రైతులు గోల పెట్టేసరికి 2019 జనవరిలో వాళ్ల బియ్యం మీద టన్నుకు 175 యూరోలు వేశారు, రెండో ఏడు 150, మూడో ఏడు 125. అది దయ మీద బతికేవాళ్ల కష్టం. బావ ఈ రెండూ నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మిల్లు లెక్క తప్ప ఆయన పెన్నుతో ఇంకేదన్నా రాయడం నేను చూసింది అప్పుడే.

సార్‌తో నాకు పేచీ ఉన్నది క్లాసు చివర చెప్పిన మాట మీద. "లిస్బన్ తర్వాత 27 దేశాలకూ ఒకటే సంతకం, ఒక్క తలుపు కొడితే చాలు" అన్నారు. ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే కెనడా సంగతి నాకు కొంచెం తెలుసు. 2016 అక్టోబర్‌లో యూరప్ మొత్తం కెనడాతో ఒప్పందానికి సిద్ధంగా ఉంటే బెల్జియంలోని వాలోనియా అనే ప్రాంతం వద్దంది. దేశం కాదు, దేశంలో ఒక ప్రాంతం, అక్కడి జనం నలభై లక్షలు కూడా ఉండరు, మన ఉమ్మడి నల్లగొండ జిల్లా అంత. దాని ముఖ్యమంత్రి పాల్ మాన్యెట్ గట్టిగా కూర్చున్నాడు, కెనడా ప్రధాని ప్రయాణం వాయిదా పడింది, చివరికి అదనంగా కొన్ని హామీల కాగితాలు రాసిచ్చాక అక్టోబర్ 30న సంతకాలయ్యాయి. మళ్లీ 2020లో సైప్రస్ పార్లమెంటు అదే ఒప్పందాన్ని కొట్టేసింది, వాళ్ల హలూమి జున్ను పేరుకు అందులో రక్షణ లేదని. జున్ను కోసం! పోచంపల్లి వాళ్లకు ఈ సంగతి చెప్తే వాళ్లలో పెద్దాయన "మరి మా చీర కోసం ఎవరు కూసుంటరు?" అన్నాడు, నా దగ్గర జవాబు లేదు. ఆ ఒప్పందంలో ఎక్కువ భాగం 2017 సెప్టెంబర్ 21 నుంచి తాత్కాలిక అమలు పేరుతోనే నడుస్తోంది.

అధికారమంతా పైకి పోయాక కింద ఇన్ని తలుపులు ఎందుకున్నాయి అంటే, ఒప్పందాలే లావెక్కాయి. సుంకాలతో పాటు పెట్టుబడిదారుడు ప్రభుత్వం మీద కేసు వేసే ఏర్పాటు కూడా వాటిలో చేర్చారు. మళ్లీ తవుడు కథే. సింగపూర్ ఒప్పందం మీద కోర్టును అడిగితే 2017 మే 16న తేల్చింది, దాదాపు అంతా యూనియన్‌దే, రెండు మాత్రం కాదు. ఒకటి షేర్లు కొనడం లాంటి ప్రత్యక్షం కాని పెట్టుబడి, రెండోది ఆ కేసుల ఏర్పాటు. ఆ రెండూ ఉంటే సభ్య దేశాల పార్లమెంట్లన్నీ తిరగాలి, బెల్జియంలో ప్రాంతాల సభలతో సహా. దానికి కమిషన్ చేసింది మా మిల్లు వాళ్లు చేసే పనే. బియ్యం బిల్లు వేరు, తవుడు బిల్లు వేరు. సింగపూర్, వియత్నాం ఒప్పందాలను చెరో రెండు ముక్కలు చేసి, వ్యాపార ముక్కను పార్లమెంటు, మండలి చేత ఒప్పించుకుని అమల్లో పెట్టారు, పెట్టుబడి ముక్కను దేశాల చుట్టూ తిరగమని వదిలేశారు.

మనతో కూడా అంతే. భారత్, యూనియన్ చర్చలు 2007 జూన్‌లో మొదలై 2013లో ఆగిపోయాయి, కార్ల సుంకాలు, వైన్ బాటిళ్లు, మన సాఫ్ట్‌వేర్ వాళ్ల వీసాలు, ఇలా చాలా కారణాలు. 2022 జూన్ 17న మళ్లీ మొదలుపెట్టినప్పుడు మూడు విడి బల్లలు వేశారు, వ్యాపారానికొకటి, పెట్టుబడి రక్షణకొకటి, జీఐ పేర్లకొకటి. ఎందుకు మూడు అని నేను పేపర్లో చదివినప్పుడు అర్థం కాలేదు. ఈ క్లాసు తర్వాత అర్థమైంది. ఆ లెక్కన నా 6,500లో సగం వసూలైనట్టే. ఒక్క సంతకం అన్న సార్ మాట మాత్రం సగమే నిజం. సంతకం ఒకటి చేశారు, దాని ముందు పార్లమెంటు తలుపు కొత్తగా పెట్టారు, ఒప్పందం లావైతే పాత తలుపులన్నీ మళ్లీ తెరుచుకుంటాయి.

ఇంకొకటి ఆయన చెప్పాల్సింది, చెప్పలేదు. మా దగ్గర వరికి అగ్గితెగులు వస్తే కొట్టేది ట్రైసైక్లజోల్. బియ్యంలో దాని అవశేషం కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చన్న యూరప్ 2017లో దాన్ని 0.01కి దించింది, వంద వంతుల్లో ఒక వంతు. బాస్మతి వాళ్లు అల్లాడిపోయారు. ఇది వ్యాపార అధికరణం కింద తీసుకున్న నిర్ణయం కాదు, తిండి భద్రత చట్టం కింద తీసుకున్నది, ఒప్పందం కుదిరి సుంకం సున్నా అయినా ఈ గీత అక్కడే ఉంటుంది. మామిడి కూడా అంతే. 2014 మే 1 నుంచి పండు ఈగ పేరు చెప్పి మన మామిడి ఆపేశారు, 2015 జనవరిలో మళ్లీ తీసుకున్నారు. కొల్లాపూర్ పెద్దాయన సరిగ్గా దాన్నే అడగబోతే టైమ్ అయిపోయిందని ఆఫీసు పిల్లాడు వచ్చి లైట్లు ఆర్పేశాడు. నిజంగానే ఆర్పేశాడు.

మూడో ఆదివారానికి పాత సార్ జ్వరం తగ్గి వచ్చారు, స్లైడ్లు చదివారు. రెండో ఆదివారం సార్‌ను మళ్లీ పిలవమని పదిహేను మందిమి చిట్టీ రాసిచ్చాం, "చూద్దాం" అన్నారు. నాలుగు, ఐదు ఆదివారాలు సరుకులకు నంబర్లిచ్చే హెచ్ఎస్ కోడ్లు, షిప్పింగ్ బిల్లు, వ్యవసాయ ఎగుమతులు చూసే అపెడాలో రిజిస్ట్రేషన్. బియ్యం కోడ్ 1006తో మొదలవుతుందని తెలుసుకోవడానికి రెండు రోజులు అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనం మనదే, కింద మిర్చి బజ్జీ బండి బాగుంటుంది. జనరేటర్ లేదు, కరెంటు పోతే కిటికీలు తెరిచి చెప్పేవాళ్లు, ఎవరి బండ్ల హారన్లు వాళ్లవి.

బయ్యర్ల లిస్టు అసలు మోసం. ఆరో ఆదివారం పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. నేను ముప్పై ఈమెయిళ్లు పంపితే ఇరవై రెండు వెనక్కి వచ్చాయి. ఒకటి జవాబిచ్చింది, వాళ్లు అమ్మేది టైర్లట. డబ్బు సగమన్నా వాపసివ్వమంటే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు. మొదటి షిప్‌మెంట్ దాకా సాయం అంటే ఒక వాట్సాప్ గ్రూపు, అందులో ఇప్పుడు పండగ శుభాకాంక్షలు, ప్లాట్ల ప్రకటనలు.

చేరాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే, డబ్బు కట్టే ముందు యూరప్ క్లాసు ఎవరు చెప్తారో పేరు అడగండి, కస్టమ్స్‌లో రిటైరైన సార్ అంటేనే కట్టండి, ఆ ఒక్క రోజుకు విడిగా ఫీజు తీసుకుంటారేమో కూడా అడిగి చూడండి. ఫారాలు నింపడం కోసమైతే ఈ మెట్లు ఎక్కాల్సిన పని లేదు.

మా బావ మాత్రం తిట్టడం లేదు. సంక్రాంతి తర్వాత మిల్లులో మీటింగు పెట్టి, డీడ్‌లో తవుడు గురించి ఒక లైను రాయించాడు. మేనేజింగ్ పార్ట్‌నర్ అమ్మొచ్చు, కానీ ధర మిగతా ముగ్గురికీ ముందు చెప్పాలి. నూకల సంగతి మీద ఇంకా పడలేదు.